ఓడెక్కిన ‘పర్లేదు’

మా అక్క నందిగామలో ముప్పయ్యేళ్లు సోషల్ టీచరుగా పనిచేసింది. బ్లాక్‌బోర్డు మీద బంగాళాఖాతం ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. అందులో కాలు పెట్టింది మాత్రం ఒక్కసారీ లేదు. ఈ సెలవుల్లో, వచ్చే సెలవుల్లో అనుకుంటుండగానే వెన్నుపూస దెబ్బతిని వీల్‌చెయిర్‌లోకి వచ్చింది. కాళ్లలో బలం పోయింది గాని స్పర్శ మిగిలింది. రిటైరయ్యాక ఒకటే పట్టు పట్టింది: ఓడెక్కాలి, ఏదో ఒక రేవులో దిగి సముద్రంలో కాళ్లు పెట్టాలి.

అక్కకు పెళ్లిళ్లకు వెళ్లడమంటే విరక్తి. ఫంక్షన్‌హాలు మెట్ల దగ్గర నలుగురు బంధువులు పరుగెత్తుకొచ్చి, “పర్లేదక్కా, మేం లేపుతాం” అంటూ కుర్చీతో సహా ఎత్తేస్తారు, బియ్యం బస్తాను లారీ ఎక్కించినట్టు. చీర సర్దుకోవడానికైనా ఆగరు. చివరికి వెళ్లడమే మానేసింది.

జగ్గయ్యపేటలో తెలిసిన ట్రావెల్స్ ఆయన ఉంటే, అక్కను ఆటోలో తీసుకెళ్లాను. ఆఫీసు ముందు మురుగుకాలవ దాటి మూడు మెట్లున్నాయి. మేం ఆటోలోనే ఉండిపోతే, పాపం ఆయనే ఫారం పట్టుకుని బయటికొచ్చాడు. సిమెంటు లారీలు పోతుంటే గొంతు పెంచి అడిగాడు.

“మేడమ్‌గారు కొంచెం నడుస్తారాండీ, అసలు నడవలేరా? ఇక్కడ టిక్కు పెట్టాలంట.”

“పర్లేదండీ” అన్నాను.

మీరేం ఇబ్బంది పడకండి, మేం చూసుకుంటాం అని నా ఉద్దేశం. పర్లేదు, కొంచెం నడుస్తారు అని ఆయనకు అర్థమైంది. ఆ మూడు మెట్లు ఎక్కలేకే కదా మేం ఆటోలో కూర్చున్నది! అయినా ఆయన్నని ఏం లాభం? కాఫీ చల్లారినా, ఎవరైనా కాలు తొక్కినా మా ఇంట్లో అందరిదీ అదే మాట.

చెన్నైలో ఓడెక్కాం. వాలుగా వేసిన వంతెన మీద నేను వెనక చెయ్యి వేస్తే చాలింది. లోపల భోజనాలకైనా, పాటల కచేరీకైనా, పై డెక్కుకైనా లిఫ్టులే. అక్క ఎవర్నీ అడగక్కర్లేదు. రెండు రోజులూ ఆవిడను వెతుక్కోవడంతోనే నాకు సరిపోయింది. ఒకసారి తంబోలా ఆడుతూ దొరికింది, వచ్చావా అని కూడా అనలేదు.

శ్రీలంకలో మొదటి రేవు వచ్చింది. టూరు బస్సుకు నిటారు మెట్లు. ర్యాంపు ఉన్న వ్యాను నడవలేమని రాసినవాళ్లకేనట, నిండిపోయింది. నేను టూర్ల కౌంటర్‌లో అమ్మాయి మీద అంతెత్తున ఎగిరాను. ఆ పిల్ల నెమ్మదిగా మా ఫారం తీసి చూపించింది. కొంచెం నడవగలరు అని టిక్కు. ఇద్దరు మగవాళ్లు లేపుతామని ముందుకొచ్చారు. అక్క వద్దని చెప్పి డెక్కు మీదికి వెళ్లిపోయింది. సాయంత్రందాకా ఒడ్డుకేసి చూస్తూ కూర్చుంది. నన్ను తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

మర్నాటి రేవే ఆఖరిది. చీకటి పడకముందే అక్కే నన్ను కౌంటర్ దగ్గరికి తీసుకెళ్లింది. రెండు మెట్లయితే ఎక్కగలరా అని ఆ అమ్మాయి ఇంగ్లీషులో అడిగింది. అలవాటు ఎక్కడికి పోతుంది, నేను నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది.

“నువ్వు నోర్ముయ్యవే. మళ్లీ పర్లేదన్నావంటే సముద్రంలో తోసేస్తా.”

తర్వాత అటు తిరిగి, క్లాసులో పాఠం చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పింది. ఒక్క మెట్టు కూడా ఎక్కలేను, నన్నెవరూ లేపొద్దు, ర్యాంపు వ్యాను కావాలి అని. అక్క నోట ‘ఎక్కలేను’ అన్న మాట వినడం నాకదే మొదటిసారి. ఆ అమ్మాయి టిక్కు మార్చి, వ్యానులో చోటు రాసింది.

మర్నాడు వ్యాను తీరందాకా వెళ్లింది. ఇసుక మీద నీళ్లవరకూ రబ్బరు చాపలు పరిచి ఉన్నాయి. అక్క తనే చక్రాలు తిప్పుకుంటూ పోయింది. నేను ఆవిడ చెప్పులు పట్టుకుని పక్కన నడిచాను. చివర ఆగి, కుచ్చిళ్లు కాస్త పైకి పట్టుకుంది. అల వచ్చి పాదాలు ముంచి, చక్రాలు తడిపి వెళ్లింది.

“ఎలా ఉందక్కా?”

ఇంకో అల వచ్చి వెళ్లింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“పర్లేదు” అంది.