నా కోడ్‌తో మారిన అంకె

లక్సెట్టిపేట దగ్గర గోదావరి నీళ్లు శుద్ధి చేసి ఊర్లకు పంపే ప్లాంటుల నేను మీటర్లు చూసేదాన్ని. పెద్ద పైపుకు అయస్కాంతపు మీటరు ఉంటది. నీళ్లు పారుతుంటే అండ్ల సన్నటి కరెంటు పుడుతది. దాన్ని లెక్కగట్టి, గంటకు ఎన్ని నీళ్లు పోతున్నయో అంకెల్ల చూపెట్టేది గోడకున్న కన్వర్టర్ డబ్బా.

మా అవ్వ బీడీలు చేసి నన్ను కరీంనగర్ల ఐటీఐ చదివిచ్చింది. గని ఆ డబ్బా విప్పుడు, దాని మెనూ చదువుడు నేర్పింది మా సీనియర్. "ఆడామెకు ఏం సమజైతది" అన్నోళ్లను ఆయనే తిట్టిండు. నాకు తోడవుట్టినోళ్లు లేరు. ఆయన్ను అన్నా అని పిలుస్తుంటే నోరు నిండేది.

కన్వర్టర్ల ఏది మార్చాలన్నా కోడ్ కొట్టాలె. ఆయనకొకటి, నాకొకటి. నేను కాన్పుకు సెలవు పెట్టిన రోజు, "చెల్లే, నీ కోడ్ గూడ చెప్పి పో. నాది లాక్ అయితే పనికొస్తది" అన్నడు. చెప్పిన.

బిడ్డకు ఆరో నెల పడ్డంక డ్యూటీకి వచ్చిన. వచ్చిన వారానికే చివరి ఊరి నుంచి ఒక పెద్దమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మా టాంకు సగం గూడ నిండుతలే."

"ఇక్కడి నుంచి నిండుగ పోతున్నయ్ పెద్దమ్మా. మీటర్ చూసే చెప్తున్న. మీ దిక్కే ఎక్కడన్న పైపు పలిగిందేమో."

వాళ్లు మూడు దినాలు పైపు పొంటి తవ్విండ్రట. ఎక్కడా పలగలే. పెద్దమ్మ మల్ల ఫోన్ చేసి, "నీ మీటర్‌నే ఒక్కసారి చూడరాదు బిడ్డా" అన్నది.

తెల్లారి పొద్దుగాల, శుద్ధి చేసిన నీళ్లు నిలువుండే సంపులకు వచ్చే నీళ్లు బంద్ చేయించి, పంపు గంట సేపు నడిపి, మట్టం ఎంత దిగిందో స్కేలుతో కొలిచిన. పోయిన నీళ్ల కంటే డబ్బా నాలుగో వంతు ఎక్కువ చూపెడుతున్నది. లెక్కగట్టేతందుకు కంపెనీ ఇచ్చిన అంకె పైపు మీది మీటరు రేకుకు చెక్కి ఉంటది, కన్వర్టర్ల గూడ అదే ఉండాలె; గని అండ్ల ఎక్కిచ్చిన అంకె ఇంకొకటి. ఎవరు మార్చిండ్రో అని డబ్బా మెనూల చూస్తే నా కోడ్ కనబడ్డది. తారీఖు చూసిన. ఆ రోజు నేను దవాఖానల ఉన్న. బిడ్డ పుట్టి మూడు దినాలు.

అన్న టీ తాగుతుండు. పోయి అడిగిన.

"పంపులు అరిగినయ్ చెల్లే. నీళ్లు తక్కువ పోతున్నయని తెలిస్తే పైనోళ్లు నన్నే పట్టుకుంటరు. కొత్తయి వచ్చేదాక జర ఎక్కువ చూపెట్టేటట్టు అంకె మార్చిన."

"మరి నీ కోడ్ ఉండంగ నాది ఎందుకు కొట్టినవ్?"

ఆయన గ్లాసు కింద పెట్టిండు. "బాలింతవు. నిన్నెవరు అడుగుతరు అనుకున్న" అన్నడు.

పంపుల సంగతి వేరు. భయంతోని మార్చిండంటే ఎప్పటికన్న మరిచిపోదును. గని సెలవు చిట్టీ మీద నేను సంతకం పెడుతున్నప్పుడే ఆయన ఇది అనుకొని నా కోడ్ అడిగిండు. అది మింగుడు పడలే.

అంకె సరిచేసి, డ్యూటీ పుస్తకంల ఉన్నదున్నట్టు రాసిన. విచారణకు వచ్చిన ఇంజనీరు ముంగట అన్న తల ఎత్తకుంట, "ఆమెనే ఫోన్ల చెప్పింది సార్, మార్చుమని" అన్నడు. దవాఖాన కాయితం, ఆ దినం ఆయనతోని మాట్లాడలేదని నా ఫోన్ల కాల్స్ చూపెట్టిన. నమ్మిండ్రు. అయినా ఇద్దరినీ బదిలీ చేసిండ్రు, నన్ను ఆదిలాబాద్‌కు. "కోడ్ ఇచ్చుడు నీ తప్పే" అన్నడు ఇంజనీరు. కాదనలే.

కొత్త పంపులు వచ్చినయ్. పెద్దమ్మకు ఫోన్ చేసి, "మీటర్‌ను నమ్మి మీతోని ఉత్తగనే తవ్విపిచ్చిన" అని చెప్పిన. ఆమె, "నువ్వన్న ఉన్నది చెప్పినవ్ బిడ్డా" అన్నది.

బిడ్డ పుట్టువెంట్రుకలు కొండగట్టుల తీయించినం. మేనమామ ఒళ్లె కూసోబెట్టాలె. అన్న కబురు పంపిండు, వస్తనని. వద్దన్న. నా ఒళ్లెనే కూసోబెట్టుకున్న. మంగలాయన, "మేనమామ ఏడమ్మా?" అని అడిగిండు. లేడన్న.