ఇరవైనాలుగో అట్ట

మా ఆయన సైమన్‌కి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ విద్య మా ఇంట్లో నాకొక్కదానికే వచ్చు. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలి.

కొండాపూర్‌లో రోడ్డు పక్కన ఒంటి గదిలోనే కాపురముంటూ మేం పుస్తకాలు కుట్టేవాళ్ళం. చర్చిల పాత బైబిళ్ళు, పాటల పుస్తకాలు, స్కూలు రిజిస్టర్లు. నేను కాగితాలు మడిచి మైనం రాసిన దారంతో కుట్టేదాన్ని, ఆయన అట్టలు వేసేవాడు. తోలు అట్ట అంటే మాత్రం మనిషే మారిపోయేవాడు. తంగేడు చెక్క నీళ్ళలో తోలు పదును చేయడం తాత దగ్గర నేర్చుకున్నాడు. తోలును పలుచగా చెక్కుతూ కూర్చున్నాడంటే, అన్నం చల్లారిపోతోందని నేను గొంతు చించుకున్నా వినిపించేది కాదు.

తొంభై ఎనిమిది వానాకాలంలో, మా చర్చికి వచ్చే కిరణ్ పాల్ ఒక పని తెచ్చాడు. మాదాపూర్ వైపు గుట్టలు పేల్చి కడుతున్న మేడల్లో వాళ్ళ కంప్యూటర్ కంపెనీ కొత్త ఆఫీసు తెరుస్తోందట. పెద్ద ఆఫీసర్లకు ఇవ్వడానికి చేత్తో కుట్టిన నోటుబుక్కులు ఇరవైనాలుగు కావాలట. "బజారు తోలొద్దంకుల్. పాస్టర్ గారి బైబిలుకు వేశారే, అచ్చం అట్లాంటిదే కావాలి" అన్నాడు. అది తాత మిగిల్చిపోయిన ఆఖరి ముక్క. అలాంటిది మళ్ళీ ఎక్కడ దొరుకుతుందని ఆయన దిగులుపడ్డాడు.

ఆ వారంలోనే పక్కింటి కొమురమ్మ బర్రె గౌరి చచ్చిపోయింది. మేత బీళ్ళన్నీ ప్లాట్లయ్యాక అది ప్లాస్టిక్ కవర్లు తిని, కడుపుబ్బి పోయింది. మొగుడు పోయాక కొమురమ్మ దాని పాలమీదే పిల్లల్ని పెంచుకొచ్చింది. చలికాలం వస్తే దాని వీపున గోనెపట్టా కప్పి, తాను కొంగు కప్పుకుని పడుకునేది. ఏడాది కిందట ముళ్ళకంచె గీరుకుని డొక్క మీద జానెడు గాయమైతే నెల్లాళ్ళు పసుపు పెట్టింది.

"సైమనూ, నువ్వే బొందపెట్టాలె. తోలు మాత్రం ముట్టకు బిడ్డా. నిండు మనిషి లెక్క పోవాలె" అని ఆయన చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆ గోనెపట్టా ఇచ్చి, "గిది దాని మీద కప్పు. నేను సూడలేను" అంటూ కొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

మా గది వెనక ఖాళీ జాగాలో కూలీలతో గుంట తవ్వించాం. వాళ్ళు వెళ్ళాక కూడా ఆయన కత్తి తీసేవాడు కాదు. తీయించింది నేను. "పురుగులు తినేదానికి మాటేంది, ఒట్టేంది? ఇంట్లకొచ్చిన పనిని కాలదన్నుకుంటవా?" అని సణిగి సణిగి ప్రాణం తీశాను. ఆయన ఏడుస్తూనే ఒలిచి, మిగిలిన ఒళ్ళు గుంటలో పూడ్చాడు. తోలును ఆ గోనెపట్టాలోనే చుట్టి మా తమ్ముడి ఊరికి తీసుకెళ్ళి, పదును చేసి తెచ్చాడు. పట్టాను నేను శుభ్రంగా ఉతికాను. మంచి పట్టా, పారేయబుద్ధి కాలేదు. నాలుగు మడతలు పెట్టి, పుస్తకాలు కుట్టేటప్పుడు కింద వేసుకుని కూర్చునేదాన్ని.

తోలులో మంచి అట్టలు ఇరవైమూడే వచ్చాయి. ఇరవైనాలుగోదానికి మిగిలింది గాయం మచ్చ ఉన్న డొక్క ముక్క. ఆయన వద్దే వద్దన్నాడు. "ఎవడు సూడొచ్చిండు, వెయ్యి" అన్నాను. ఎంత చెక్కినా ఆ గీత పోలేదు.

పని అప్పజెప్పాం. అందరూ మెచ్చుకున్నారట. మా ఇంట్లోకి మాత్రం గౌరి వచ్చి కూర్చుంది.

తెల్లవారగానే కొమురమ్మ బకెట్టుతో వచ్చి ఆ బొంద మీద కుడితి పోసేది, బతికున్నప్పుడు పెట్టినట్టే. "తాగు తల్లీ" అనేది. కుడితి మట్టిలో పడే చప్పుడు మా కిటికీలోంచి వినపడేది. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయేది. ఒకరోజు పుస్తకాలకు వాడే మందపాటి అట్ట తెచ్చి కిటికీకి మేకులు కొట్టేశాడు. మిట్టమధ్యాహ్నం కూడా బల్బు వేసుకోవాల్సి వచ్చింది కానీ చప్పుడు ఆగలేదు. జల్లు పడితే చాలు, గదంతా బర్రె వాసన. ఫినాయిలు పోసి కడిగాను, ఆయన్ని తిట్టాను, యేసయ్యా అని మొక్కాను. పోలేదు. నాకు భయం పట్టుకుంది. దేవుడంటే కాదు, కొమురమ్మ కళ్ళంటే.

బర్రె లేక ఆమె పనికి కుదిరింది. ఎక్కడనుకున్నారు? ఆ కంపెనీలోనే, బల్లలు తుడిచే పని.

డిసెంబరులో ఒక పొద్దున నేను పట్టా మీద కూర్చుని కుడుతుంటే, కొమురమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సైమనూ, బుక్కుల సంగతి నీకెర్క గద. మా ఆఫీసుల ఒక సారు బల్ల మీద తోలు బుక్కున్నది. తుడుస్తుంటే శెయ్యి ఆగింది. కంచె గీరిన కాడ మా గౌరికి ఎట్లుండె, గట్లనే ఉన్నది. దినాం నిమురుతున్న. నాకేమన్న పిచ్చి లేసిందా?"

"అయ్యో, తోళ్ళన్నీ గట్లనే ఉంటయక్కా. నువ్వు దాని మీద మనాది పెట్టుకున్నవ్" అని గబగబా అందుకున్నాను.

"నువ్వు నోరు మూసుకో సెలీనా" అన్నాడు మా ఆయన. పదహారేళ్ళ కాపురంలో నన్నెప్పుడూ అంత మాట అనలేదు. లేచి వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "అది గౌరే అక్కా. మాట తప్పిన. తోలు తీసిన."

శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెడితే బాగుండును. చెప్పు తీసుకుని కొట్టినా పడేదాన్ని. ఆమె అట్ట కొట్టిన కిటికీ వైపు చూసింది.

"అయితే ఇన్నొద్దులు గీ చలిల ఉత్తగనే పన్నదా?" అంది. ఆయన వైపు తిరిగి, "పట్టా అన్న కప్పినవా బిడ్డా?" అని అడిగింది.

ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. ఆయన వెంట ఆమె కూడా చూసింది. లేస్తే పట్టా కనిపిస్తుంది. లేవలేదు. ఏదో ఒక అబద్ధం చెబుదామని నోరు తెరిచాను, ఒక్కటీ రాలేదు.