నేను ఒప్పుకోలేదప్పా

అసమ్మతి అంటే ఒప్పుకోకపోవడం అని నిఘంటువులో ఉంది. నేను కడపలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో, మా నేతగాళ్ల వీధిలో ఆ మాటకు అర్థం మా పెదనాన్న. నలుగురికీ ఎదురు చెప్పేటప్పుడు ఆయన తప్పు చేసినవాడిలా తల దించుకుని, భుజం మీది తువ్వాలు తీసి మడతపెట్టేవాడు.

మగ్గానికెక్కించే ముందు పడుగు నూలును వీధి పొడవునా చాచి గంజి పెట్టాలి. దాన్ని పట్టుకోవడానికి ఇంటికొకరు వెళ్లడం మా ఆచారం. ఒక ఇంటి కూతురు వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుందని, ఇక వాళ్ల పడుగుకు ఎవరూ పోకూడదని మా నేతగాళ్ల సంఘంలో అనుకున్నారు. ఆ మాట ఎత్తింది మా నాన్నే.

"నేను ఒప్పుకోలేదప్పా, ఏమనుకోవద్దండి" అన్నాడు పెదనాన్న.

"అందరూ సరే అన్యాంక నీదేందిన్నా అడ్డం? పో, నువ్వొక్కనివే పట్టుకో" అని నాన్న నవ్వాడు.

తెల్లవారి ఆయన నిజంగానే వెళ్లాడు. పడుగుకు ఒక కొసన ఆ పిల్ల తల్లి, రెండో కొసన ఆయన. గంజి తడికి బరువెక్కి, నడుమ నూలు మట్టిలోకి జారుతోంది.

"నడుమ పట్టేకి ఒగ మనిషి కావల్లప్పా" అని కేక వేశాడు.

ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. కిటికీ దగ్గర నిలబడ్డ నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.