దుకాణం పేరు లేని ఆకాశం

నేను ప్రకృతి చిత్రకారుణ్ణి. ఈ మాట నా విజిటింగ్ కార్డు మీద కూడా ఉంది. మా కార్వాన్ గల్లీలో మాత్రం నన్ను 'సీనరీ అన్న' అంటారు. ప్రకృతి అంటే మా దగ్గర దొరికేది మూసీ, దాని ఒడ్డున గేదెలు, మేడల మీద నీళ్ల ట్యాంకులు, వాటికి చిక్కుకున్న పతంగులు. మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, బొమ్మ ఒక్కటీ అమ్ముడుపోకముందే కార్డులు మాత్రం కట్టలు కట్టలుగా అచ్చు వేయించాను.

అంతకు ముందు దుకాణాలకు బోర్డులు రాసేవాణ్ణి. ఉస్మాన్‌గంజ్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పదేళ్లు పనిచేశాను. పైన అక్షరాలు ఆయనవి, కింద బొమ్మలు నావి. పప్పుల దుకాణమైతే బస్తాలు, పాల దుకాణమైతే గేదె. ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాయి. ఉస్తాద్ ఇంట్లో కూర్చున్నాడు. నేను సిగ్గు లేకుండా పోయి ఒక ఫ్లెక్సీ దుకాణంలోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పుట్టినరోజు ఫ్లెక్సీల్లో గల్లీ లీడర్ల మొహాలు తెల్లగా చేయడం అక్కడ నా పని. కొన్నేళ్లకు ఆ తెలుపు చూస్తేనే వెగటు పుట్టి మానేశాను.

నా భార్య లొల్లి చేయలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది.

"ఒక్క సాల్ చూస్త. ముక్కూ మొఖం తెల్వనోడు ఒక్కడన్న వచ్చి నీ బొమ్మ కొనాలె. లేకుంటే మళ్ల ఫ్లెక్సీ దుకాణం కాడికే పో" అన్నది.

ముక్కూ మొఖం తెలియనివాడు అని ఎందుకు షరతు పెట్టిందంటే, నా మొదటి బొమ్మ కొన్నది ఆమె తమ్ముడే. కొని, బీరువా వెనకాల పెట్టుకున్నాడు.

పదకొండు నెలలు ఊరంతా తిరిగి బొమ్మలు వేశాను. పురానాపూల్ దగ్గర బొమ్మ పెట్టుకునే నా మూడు కాళ్ల స్టాండు నిలబెడితే ఒక పెద్దమనిషి ఉరుక్కుంటూ వచ్చి, "రోడ్డు సర్వేనా భాయ్? మా ఇల్లు పోతదా?" అని అడిగాడు. బొమ్మ వేస్తున్నానని చెబితే, "గింతేనా!" అని ఊపిరి పీల్చుకుని చాయ్ తాగించాడు. నా కళ వల్ల ఆ ఏడాది ఒకరికి కలిగిన ఆనందం అదే.

చివరి నెల ప్రదర్శన పెట్టాను. గ్యాలరీలవాళ్లు నా ఫోన్ ఎత్తలేదు. మొహర్రం నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి, మా గల్లీ ఫంక్షన్ హాలు ఓనరు రెండు రోజులు ఊరికే ఇచ్చాడు. పెళ్లికొడుకు కూర్చునే స్టేజీ మీద, చుట్టూ గోడలకు, పద్దెనిమిది బొమ్మలు వేలాడదీశాను. మొదటి రోజు చుట్టాలు వచ్చి సమోసాలు తిని పోయారు.

రెండో రోజు, కళల మీద పత్రికలకు రాసే ఒకావిడ వచ్చింది. బొమ్మలన్నీ చూసి, "ప్రతి చిత్రంలోనూ పైభాగం ఖాళీగా వదిలేశారు. ఎంత మౌనం! కావాలనే కదా?" అంది.

"కావాలనేనండీ" అన్నాను. అక్కడితో ఆగానా? ఊపిరాడని నగరానికి కాస్త శూన్యం అవసరమని, నాకే తెలియని విషయాలు పావుగంట చెప్పాను. ఆవిడ నోట్‌బుక్కులో రాసుకుంది.

అప్పుడు వచ్చాడు ఉస్తాద్, సాయంత్రం అసర్ నమాజు చదువుకుని, మెల్లగా కర్ర పొడుచుకుంటూ. ఒక్కో బొమ్మ ముందూ నిలబడ్డాడు. పద్దెనిమిదీ అయ్యాక, మా అందరి ముందూ అడిగాడు:

"బొమ్మలు మస్తున్నయ్ బేటా. మరి దుకాణాల పేర్లు ఎప్పుడు రాస్తవ్?"

నవ్వాను. తర్వాత గోడల వైపు చూశాను, నవ్వు ఆగిపోయింది. పద్దెనిమిది బొమ్మల్లోనూ ఇళ్లూ మనుషులూ అన్నీ కింద, మూడింట రెండు వంతుల్లోనే ఉన్నాయి. పై వంతు మీద పల్చటి రంగు తప్ప ఏమీ లేదు. బోర్డు పైభాగం అక్షరాలది, బొమ్మలు వేసేవాడు దాని జోలికి పోకూడదు. పదేళ్లు అదే నా పని పద్ధతి. నా చేయి ఇంకా ఉస్తాద్ కోసం జాగా వదులుతూనే ఉంది! పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. పనితో వచ్చిన బుద్ధి కూడా అంతేనని తేలింది. ఆవిడ నోట్‌బుక్కు మూసింది. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

హాలు మూసే వేళకు ఒకతను వచ్చాడు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ పక్కన కొత్తగా చాయ్ హోటల్ పెడుతున్నాడట. తెల్లవారుజామున కార్వాన్ మేడలు వేసిన బొమ్మ ముందు ఆగాడు.

"భాయ్, తస్వీర్ మస్తున్నది. పైన జాగ ఖాళీగున్నది కదా, గాడ మా హోటల్ పేరు రాసిస్తే ఇప్పుడే తీస్కపోత."

ఏడాది మొత్తంలో బొమ్మ కొంటానన్న మొదటి ముక్కూ మొఖం తెలియనివాడు. నా భార్య కుర్చీలోంచి లేచి నిలబడింది. శూన్యం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చిన నేను, దాన్ని అమ్ముకోవడానికి మూడు క్షణాలు కూడా ఆలోచించలేదు.

"ఎందుకు రాయం అన్నా! ఉస్తాద్, మీరే రాయుండ్రి" అన్నాను.

ఉస్తాద్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. బొమ్మ దగ్గరికి పోయి చేయి ఎత్తాడు. కొలతలు కూడా తీసుకోకుండా రెప్పపాటులో మొదటి గీత గీసే మనిషి, అలాగే నిలబడిపోయాడు. ఎక్కడ మొదలుపెట్టాలో వెతుకుతున్నాడనుకున్నాను. కాదు. బొమ్మను చూస్తున్నాడు.

కాసేపటికి సుద్దముక్క మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"నీ హోటల్ బోర్డు వేరే రాసిస్త భాయ్, ఫికర్ చెయ్యకు. దీన్ని గిట్లనే తీస్కపో."

"గట్లెట్ల చాచా? పైన ఖాళీ ఉన్నది కదా?"

"ఖాళీ ఏడున్నది? పొద్దు పొడుస్తున్నది, కనవడ్తలేదా?"

హోటలతను తల పైకెత్తి ఇంకోసారి చూశాడు. ఈసారి చాలాసేపు చూశాడు. తర్వాత, కాగితం చుట్టి ఇమ్మన్నాడు.

బొమ్మను గోడ మీది నుంచి దించుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గెలిచిన సంతోషమనుకుని నా భార్య వీపు తట్టింది. నేను వేసిన పొద్దును నేనే చూడలేదన్న సిగ్గుతో వచ్చాయని ఆమెకు చెప్పలేదు.