రెండు హారన్ల అన్నం

మొన్న కరోనా రోజుల్లో మా వీధి చివర మెస్సు మూతబడింది. దాని యజమాని మాత్రం రోజూ పొద్దున్నే వచ్చి, సగం దించిన షట్టరు కింద దూరి, ఎవరూ కూర్చోని బల్లలు తుడిచి వెళ్ళేవాడు. పిచ్చి మనిషని మా మనవరాలు నవ్వింది. నాకు మా అత్త గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

పందొమ్మిదివందల యాభైల్లో నేను ఉదయగిరికి కాపురానికి వెళ్ళేసరికి, మా అత్త బస్సులు ఆగే చోట పూటకూళ్ళ ఇల్లు నడుపుతోంది. మామగారు పోయాక ఆమె తన చేతుల మీద నిలబెట్టుకున్న ఇల్లది. కొండమీది కోట చూడవచ్చేవాళ్ళు, వేసవి తిరునాళ్ళకు దిగేవాళ్ళు, వీళ్ళే మాకు గిరాకీ. ఎదురు వరసలో కొయ్య గరిటెలు చెక్కేవాళ్ళకూ వాళ్ళే దిక్కు. ఊళ్ళోవాళ్ళు ఎన్ని గరిటెలని కొంటారు? మా ఆయన ఆత్మకూరులో తన మేనమామ కొట్లో గుమస్తా. ఇంట్లో అత్తా నేనూ, మా మధ్య అన్నం వండే ఓ పెద్ద గుండిగ. నెల్లూరు బస్సు ఊరికి ముందు మలుపులో రేడియేటరుకు నీళ్ళు పట్టి ఇంజను చల్లారేదాకా ఆగేది. అక్కడ కండక్టరు భోంచేసేవాళ్ళను లెక్కపెడితే, డ్రైవరు పది ఆకులకు ఒకటి చొప్పున పొడుగు హారను కొట్టేవాడు. మరిగే ఎసట్లో అత్త అన్ని బియ్యం పోసేది. బస్సు వచ్చి ఆగేసరికి అన్నం వార్చడం అయిపోయేది.

ఒక ఏడు కలరా వచ్చింది. తిరునాళ్ళు ఆపేశారు. బస్సు వస్తే వచ్చేది, మలుపులో నోరు మాత్రం ఎత్తేది కాదు. అత్త కాలు నిలవలేదు. ఎసరు పెట్టేది, దించేది, కడిగిన ఆకులే మళ్ళీ కడిగేది, వాకిట్లోకీ వంటింట్లోకీ తిరిగేది. చూసి చూసి నాకే కాళ్ళు నొప్పులు పుట్టేవి. ఆత్మకూరు నుంచి అత్త తమ్ముడు వచ్చి, “తాళమేసి మా ఇంటికి రా అక్కా, ఇంకెవురొస్తారని?” అన్నాడు. “మూలనుండే బియ్యం బస్తా అయిపోతే వస్తాలేరా,” అంది. అది అవకూడదని ఇద్దరం రాగిజావ తాగి బతికాం.

ఒక మధ్యాహ్నం మలుపులో హారను మోగింది. పొడుగ్గా, రెండుసార్లు! అత్త ఎగిరి లేచింది. “తిరునాళ్ళే లేవు గదత్తా,” అన్నాను. “నోరు ముయ్యే, ఆకులెయ్!” అని బస్తా ఎత్తి ఎసట్లోకి అడుగంటా దులిపేసింది. ఇరవై ఆకులు వేశాను. బస్సు దిగింది డ్రైవరు, కండక్టరు, సూదులు వేసే ఆరోగ్యశాఖ మనిషి. అంతే.

“గొర్రెలు అడ్డమొచ్చినాయమ్మా. మన లెక్క మరిచి కొట్టేసినాను,” అన్నాడు డ్రైవరు, తల వంచుకుని.

అత్త పొయ్యి దగ్గర కూలబడింది. ఇక లేవదేమోనని భయపడ్డాను. కాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, “చూస్తా ఉండావేందే? గరిటెలోళ్ళను పిలువు. నెల్నాళ్ళుగా వాళ్ళ పొయ్యిలూ అంతంతమాత్రంగానే ఉండాయి,” అంది. పిల్లాజెల్లాతో వచ్చారు. బస్సువాళ్ళూ కూర్చున్నారు. పొగలు కక్కే అన్నం ముందు ఎవరూ కలరా మాటెత్తలేదు. గరిటెలు చెక్కే పెద్దాయన, “చారులో ఉప్పు చాల్లేదు తల్లీ,” అన్నాడు. అత్త మొహం వెలిగిపోయింది. నెల తర్వాత గిరాకీ నోటి మాట విన్నది కదా!

మర్నాడు తమ్ముడితో అన్న మాట ప్రకారం తాళం వేసింది. ఇద్దరం ఆత్మకూరు చేరాం. మరుసటేడు తిరునాళ్ళు జరిగాయిగానీ, అప్పటికి బస్సు దగ్గర వేరే హోటలు లేచింది. ఆత్మకూరులో మా ఇల్లు రోడ్డు మీదే. పొద్దస్తమానం హారన్లు. ప్రతి పొడుగు హారనుకూ అత్త లేచి వంటింటి గడప దాకా పోయి, అక్కడ ఆగి, ఏమీ ఎరగనట్టు మంచినీళ్ళు తాగి వచ్చేది. బతికినన్నాళ్ళూ అంతే. నేను నవ్వేదాన్ని, పాపిష్ఠిదాన్ని. అరవై ఏళ్ళు దాటిపోయాయి. ఇప్పుడు రోడ్డు మీద ఏ బస్సో రెండుసార్లు పొడుగ్గా కొడితే, నా చెయ్యి బియ్యం డబ్బా మూత తీసేస్తుంది.