పన్నెండు పలకల ఇనుప బంతి

ఉత్తరంలో మూడే వాక్యాలున్నాయి. ఐటీఐ వర్క్‌షాపులో పాఠం చెప్పే ఉద్యోగానికి నన్ను పరీక్షకు పిలుస్తున్నామని మొదటిది. అభ్యర్థి తన చేత్తో చేసిన రెండు వస్తువులు, ఒకటి కర్రతో, ఒకటి ఇనుముతో, వెంట తేవాలని రెండోది. వాటిలో అడిగిన భాగాన్ని కమిటీ ముందు మళ్ళీ చేసి చూపాలని మూడోది. ఆ మూడో వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు.

మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తి చేసి అప్పటికి రెండేళ్ళు దాటింది. మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి మనిషిని నేనే. తెలంగాణ రాష్ట్రం వచ్చిన తర్వాత కాలేజీలో చేరాను. డ్రాయింగులో మంచి మార్కులు వచ్చేవి. కాని కాలేజీ వర్క్‌షాపులో అరవై మందికి మూడు వెల్డింగు మిషన్లు. మగపిల్లలు ముందు నిలబడేవారు. నేను వెనక నుంచి చూసి, చూసినదాన్ని రికార్డు పుస్తకంలో అందంగా గీసేదాన్ని. అంతకుముందు రెండు ఇంటర్వ్యూల్లో "చేసి చూపండి" అనగానే నా పని అయిపోయింది. ఇది మూడోది. ఇదీ పోతే, నల్లగొండలో జిరాక్సు దుకాణంలో అప్పటికి నేను చేస్తున్న పనే నా బతుకు అవుతుందని, నా చదువు కాగితం మీదిదేనని నేనే ఒప్పుకోవలసి వస్తుందని భయం. పరీక్ష మహబూబ్‌నగర్‌లో. ఇరవై రోజుల గడువు ఉంది. దుకాణంలో సెలవు పెట్టి మా ఊరు కేతేపల్లి వచ్చేశాను.

బాపు, అంటే మా నాన్న, వడ్రంగి. దర్వాజలు, కిటికీలు, మంచాలు చేస్తాడు. పూర్వం అరకలు కూడా చేసేవాడు. ఆయన పక్కన కూర్చుని నేను చదువుకున్నాను గాని, ఉలి ఎప్పుడూ పట్టలేదు. పట్టవలసిన అవసరం రాకూడదనే ఆయన నన్ను చదివించాడు. అందువల్ల, కర్ర పని నేర్పమని అడిగినప్పుడు ఆయన ముఖంలో కనిపించింది సంతోషమో దిగులో నాకు తెలియలేదు.

కర్ర వస్తువుకు ఆరు కర్రల ముడి ఎంచుకున్నాను. ఆరు పొట్టి కర్రలకు లెక్క ప్రకారం గంట్లు కొట్టి ఒకదానిలో ఒకటి దూరిస్తే, మేకు గాని బంక గాని లేకుండా అవి నక్షత్రంలా బిగుసుకుంటాయి. నాలుగు రోజుల్లో, తొమ్మిది కర్రలు పాడు చేసిన తర్వాత, అది కుదిరింది. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీంతోని ఏం జేస్తరు బిడ్డా?"

"ఏం జెయ్యరు బాపు. చెయ్యి కుదిరెటందుకు."

"పనికిరానిది చేసి పని నేర్చుకునుడా! మా నాయిన నాకు అరక చేయించి నేర్పిండు. వంకర వోతె రైతు వచ్చి తిట్టెటోడు. దీన్ని ఎవలు తిడ్తరు?"

"పరీక్ష పెట్టే సార్లు తిడ్తరు."

"గట్లనా. అయితె మంచిగనె చెయ్యాలె."

ఇనుముతో చేయవలసింది అసలు కష్టం. ఐదు మూలల పలకలు పన్నెండు కలిపితే అయ్యే బంతిని ఎంచుకున్నాను. ఒక పలక చుట్టూ ఐదు పలకలు వాలుగా నిలిపి అతికితే గిన్నె అవుతుంది. అలాంటి గిన్నెలు రెండు చేసి, ఒకదాని మీద మరొకటి బోర్లిస్తే, రెండింటి అంచుల్లోని పళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చుని బంతి మూసుకుంటుంది. బల్ల మీద పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. అయితే భుజం పొడవులో గాని, పలకకూ పలకకూ మధ్య ఉండవలసిన నూట పదహారున్నర డిగ్రీల వాలులో గాని పొరపాటు జరిగితే, ఆ పొరపాటు పలక పలకకూ పెరిగి చివర బయటపడుతుంది. అందుకే దాన్ని ఎంచుకున్నాను. తర్వాత అదే నన్ను భయపెట్టింది.

హైవే పక్కన లారీలకు వెల్డింగు చేసే ఒక అన్న ఉన్నాడు. బాపుకు తెలిసినవాడు. మధ్యాహ్నం పని తగ్గిన వేళల్లో తన మిషను వాడుకోనిచ్చాడు. ముక్కలైన పాత ఇనుప రేకులు కూడా ఇచ్చాడు. మొదటి వారం నేను అతికినవన్నీ పిట్ట రెట్టల్లా ఉన్నాయి. వెల్డింగు రాడ్ పలకకు అంటుకుపోయేది, లాగితే పలక కూడా వెంట వచ్చేది.

"చెల్లె, ఊపిరి బిగవట్టకు," అన్నాడు అన్న. "నువ్వు బిగుసుకుంటె చెయ్యి బిగుస్తది. చెయ్యి బిగుస్తె రాడ్ అంటుకుంటది. ఇనుముకు గీ ఫికర్ అంత తెలుస్తది."

టైరు మార్పించుకుంటున్న ఒక లారీ డ్రైవరు వచ్చి నా సగం బంతిని చూశాడు. "ఏందన్నా, గుడికి హుండీనా?"

"హుండీ కాదు. మా చెల్లె నౌకరి."

"నౌకరి గింత గుండ్రంగ ఉంటదా!" అని నవ్వుకుంటూ వెళ్ళాడు. నేనూ నవ్వాను. వెల్డింగు అద్దం ముఖానికి అడ్డం పెట్టుకోగానే, పరీక్షలో కూడా ఎవరో ఇలాగే నవ్వుతారేమోనన్న ఆలోచన వచ్చింది. ఆ రోజు మళ్ళీ ఒక్క అతుకూ సరిగా పడలేదు.

పన్నెండు పలకలూ ఒకే కొలతలో రావాలంటే గీతకు ఒక అచ్చు ఉండాలి. భుజం నాలుగు అంగుళాలని చెప్పి బాపు చేత టేకు చెక్కతో ఐదు మూలల అచ్చు కోయించుకున్నాను. దాన్ని రేకు మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి ఆరు పలకలు కోశాను. తర్వాత ఒక తెలివితక్కువ పని చేశాను. అప్పుడే కోసిన వేడి పలక మీద అచ్చు పెట్టాను. ఒక మూల నల్లగా కాలిపోయింది. బాపు చూస్తే బాధపడతాడని దాన్ని సంచిలో అడుగున దాచేశాను. మిగిలిన ఆరు పలకలను స్కేలు పెట్టి, నా డ్రాయింగు ప్రకారం నాలుగు అంగుళాలకు గీసి కోశాను. రెండూ ఒకే కొలత కదా అనుకున్నాను. అచ్చును స్కేలుతో కొలిచి చూడాలన్న ఆలోచనే రాలేదు. మా ఇంట్లో బాపు పెట్టిన గుర్తును మరొకరు మళ్ళీ కొలవరు. అలా కొలవడం ఆయన చేతిని అనుమానించినట్టు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా దర్వాజ తీసుకుపోయేటప్పుడు టేపు బయటకు తీయరు.

శుక్రవారం పరీక్ష. మంగళవారం మధ్యాహ్నానికి రెండు గిన్నెలూ తయారయ్యాయి. దేనికది ముచ్చటగా ఉంది. రెండింటినీ కలిపి పెట్టాను. ఒక పన్ను దగ్గర కలిసింది. పక్క పన్ను దగ్గర కొద్దిగా ఎడం. దాని పక్కన ఇంకా ఎక్కువ. తిప్పి పెట్టాను. మళ్ళీ అంతే. పై గిన్నె కింది గిన్నె మీద బిడ్డ టోపీ పెద్దమనిషి తల మీద నిలిచినట్టు నిలిచింది.

డ్రాయింగు తీసి కోణాలు మళ్ళీ లెక్కవేశాను. తప్పు లేదు. వేడికి ఇనుము వంగిందేమోనని మూలలు చూశాను. ఇంజినీరింగ్ చదివి ఐదు మూలల పలక కోయలేకపోయానన్న ఒక్క మాటే తలలో తిరుగుతోంది. అన్న తన పని ఆపి వచ్చి, రెండు గిన్నెల భుజాల మీదా టేపు పెట్టాడు.

"చెల్లె, ఇది నాలుగు. గిది నాలుగు మీద సూత్." సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. "రెండు ఇండ్ల సామాను కలుపుతున్నవ్."

సంచిలోంచి కాలిన అచ్చు తీసి కొలిచాను. కాలని మూడు భుజాలూ నాలుగు అంగుళాల మీద ఒక సూత్ ఉన్నాయి. ఒక్కటీ అటూ ఇటూ కాదు. నేరుగా ఇంటికి వెళ్ళాను. బాపు ఒక తలుపు చెక్కను నునుపు చేయడానికి రంద పడుతున్నాడు.

"బాపు, అచ్చుకు ఎన్ని ఇంచులు వెట్టినవ్?"

"నాలుగు అన్నవ్ గదా. నాలుగు మీద సూత్ వెట్టిన."

"ఎందుకు?"

రంద ఆపి, ఇది కూడా అడగాలా అన్నట్టు చూశాడు. "నాలుగంటె సరి. సరి ఆయం మనం పెట్టం."

ఇంటి దర్వాజ కోసేముందు వడ్రంగి కొలతకు ఒక లెక్క కడతాడు. దాన్ని ఆయం అంటారు. లెక్కలో చివర బేసి మిగిలితే ఇంటికి మంచిదని, సరి మిగిలితే కీడని నమ్మకం. ఎనిమిది ఆయాల్లో నాలుగోది కుక్క పేరు మీద ఉంటుంది. అసలు లెక్క పెద్దది. బాపు చేతికి మాత్రం దాని సారం మిగిలింది. ఏ వస్తువుకైనా కొలత సరిసంఖ్య వస్తే చెయ్యి దానంతట అదే ఒక సూత్ జరుగుతుంది.

"నా బిడ్డ నౌకరికి తీస్కపోయే వస్తువుకు కుక్కాయం పెట్టాల్నా?" అన్నాడు.

"బాపు, అది దర్వాజ కాదు!"

"ఎందుకు కాదు? దాంట్లకెల్లే గద నువ్వు లోపటికి పొయ్యేది."

నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీద కోపపడాలో తెలియక, గిన్నెలు ఎందుకు కలవలేదో మాత్రం చెప్పాను. కాలిన అచ్చు చూపించాను. ఆయన ఆ నల్లటి మూలను బొటనవేలితో రుద్దాడు. "గిది ముందుగాల చెప్తె ఇంకోటి కోసిస్తుంటి గద," అన్నాడు నెమ్మదిగా. నన్ను తిట్టలేదు. ఒక చెక్క ముక్క వెతికి కొత్త అచ్చు కోశాడు. పాత కొలతకే కోశాడు. నేనూ వద్దనలేదు, ఎందుకంటే మొదటి గిన్నె ఆ కొలతదే. ఇచ్చేముందు దాని మీద పెన్సిలుతో నాలుగు వేసి, పక్కన ఒక చిన్న గీత పెట్టాడు. తాను చేసిన వస్తువు మీద ఆయన కొలత రాయడం నేనెప్పుడూ చూడలేదు.

బుధవారమంతా ఆరు పలకలు కోశాను. గురువారం వాటిని అతికి బంతి మూయాలి. ఈ పనిలో పద్ధతి ఒకటుంది. ముందు అన్ని మూలల దగ్గరా చిన్న చిన్న చుక్కలతో అంటించి, ఆకారమంతా నిలిచిన తర్వాతే పూర్తి అతుకులు వేయాలి. లేకపోతే చల్లారే అతుకు పలకను తనవైపు లాక్కుంటుంది. ఇది నాకు పుస్తకంలోనూ తెలుసు, అన్న నోటా తెలుసు. కాని గురువారం మధ్యాహ్నం నా చూపంతా గడియారం మీదనే ఉంది. ఒక పలకకు చుక్కలు పెట్టకుండానే పూర్తి అతుకు వేసేశాను. అది చల్లారి వంగింది. చివరి పలక కూర్చోబెట్టేసరికి ఒక భుజం పొడవునా అగ్గిపుల్ల దూరేంత సందు మిగిలింది.

"దానికేం ఫికర్," అన్నాడు అన్న. "సందుల రాడ్ ముక్క వెట్టు. మీదికెల్లి అతుకు. గ్రైండర్ వట్టు. దేవుని తాత గూడ కనిపెట్టడు."

అది మోసమని తెలుసు. తెలిసే చేశాను. చేసి, గ్రైండరుతో ఆ అతుకును రుద్ది రుద్ది నునుపు చేశాను.

శుక్రవారం తెల్లవారుతూనే బయలుదేరి నల్లగొండలో బస్సు మారాను. దేవరకొండ, కల్వకుర్తి దాటి మహబూబ్‌నగర్ చేరేవరకు బంతి ఒడిలోనే ఉంది. చేతి రుమాలు కప్పి, వేళ్ళతో ఆ ఒక్క అతుకునే తడుముతూ కూర్చున్నాను. దిగి తిరిగి వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలియదు కదా అని కల్వకుర్తిలో ఒకసారి అనిపించింది.

కమిటీలో ముగ్గురు. ఇద్దరు నా సర్టిఫికెట్లు చూశారు. మూడో ఆయన, కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన, కాగితాలు ముట్టలేదు. కర్రల ముడి విప్పి, మళ్ళీ కట్టి, తల ఊపారు. బంతిని తీసుకుని కళ్ళు సగం మూసి వేళ్ళతో చుట్టూ తడిమారు. ఒక చోట వేలు ఆగింది.

"ఇరవై తొమ్మిది అతుకులు గరుకున్నయి. ఇదొక్కటే ఇంత నున్నగ ఎందుకున్నదమ్మా?"

అందంగా చేయాలని, అని చెప్పవచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"సందు మిగిలింది సార్. లోపల రాడ్ ముక్క పెట్టి మూసేశాను."

మిగతా ఇద్దరూ తలెత్తి చూశారు. ఎందుకు మిగిలిందని ఆయన అడిగారు. చుక్కలు పెట్టకుండా అతికానని, తొందరపడ్డానని చెప్పాను. ఆయన రెండు పలకలు నా ముందుకు తోసి, బంతిలో ఉన్న వాలుకే అతకమన్నారు. చుక్క పెట్టాను. వాలు చూశాను. మరో చుక్క పెట్టాను. అతుకు రెండు చోట్ల లావుగా పడింది. అద్దం తీసేసరికి ఆయన కోణమాపకం పెట్టి చూస్తున్నారు. వాలు సరిగ్గానే ఉందని ఆయన అనలేదు. కోణమాపకం జేబులో పెట్టుకున్నారు, అంతే.

బయట బెంచీ మీద చాలాసేపు కూర్చోబెట్టారు. పిలిచినప్పుడు బంతి తీసుకుని లోపలికి వెళ్ళాను.

"నెల రోజులు చూస్తం," అన్నారు పెద్దాయన. "పిల్లలకు నేర్పగలరా లేదా అన్నది నెల తర్వాత చెప్తం. సోమవారం రండి. గా అతుకు మాత్రం విప్పి, సరిగ్గ వేసుకొని తీసుకురండి. దాన్ని గట్లనే పిల్లల ముందర పెట్టనియ్యను."

శనివారం పొద్దున్నే హైవే పక్కన అన్న షాపుకు వెళ్ళాను. అన్న ఒక లారీ అడుగు నుంచి తల బయటపెట్టాడు.

"ఏమైంది చెల్లె? వచ్చినట్టా, రానట్టా?"

"నెల దాంక తెల్వదు అన్న."

"గిదేం నౌకరే! మల్ల బంతి ఎందుకు తెచ్చినవ్?"

"కొయ్యాలె," అన్నాను. గ్రైండరు తీసుకుని, అద్దం పెట్టుకుని, ఆ నున్నటి అతుకు మీద చక్రం ఆనించాను.