పెండ్లి పసుపు తాగిన జీపు

మొన్న మా మనవడి కొత్త బండి కల్లూరులో మా ఇంటి వాకిట్లోనే ఆగిపోయింది. నాలుగు చక్రాలూ లాగే బండేనట, కొండలైనా ఎక్కుతుందట, కానీ లోపల ఎర్రదీపం ఒకటి వెలిగేసరికి అడుగు ముందుకు వేయనని మొండికేసింది. నేను కొంగు నడుముకు దోపుకొని, బానెట్ ఎత్తమంటూ దగ్గరికి పోయినానో లేదో, వాడు గాభరాపడి, "ముట్టుకోవద్దు జేజీ! మనం చెయ్యి పెడితే కంపెనీవాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. ఆ కంపెనీ లారీ వచ్చి బండిని ఎక్కించుకొని పోయేదాకా వాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు, నేను మెట్టు మీద కూర్చొని నా చేతులు చూసుకున్నాను. ఈ చేతులకా ముట్టుకోవద్దని చెప్పేది! నా ఈడువాళ్లకు చెప్పుకుంటే తప్ప ఈ ఉక్రోషం చల్లారేటట్టు లేదు.

మా ఆయన సర్కారు వేలంలో పాత డీజిల్ జీపు పాడుకొని వచ్చేనాటికి నేను కాపురానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అప్పట్లో మేముండేది నంద్యాల దాపున నల్లరేగడి పల్లెలో. వాన పడితే ఎద్దులబండి కూడా ఇరుసుదాకా దిగబడే నేల. ముందు చక్రాలకు కూడా ఊపిచ్చే చిన్న గేరుకడ్డీ ఉందని ఆ జీపును ఏరికోరి తెచ్చినారు. ఆయన తోలడంలో మొనగాడే గానీ రిపేరంటే మాత్రం ఓపిక సున్న, విప్పిన నట్టు ఎక్కడ పెట్టినదీ మరునిమిషానికి గుర్తుండదు. నేనేమో పుట్టింట్లో బావి దగ్గరి ఆయిలింజను మొరాయిస్తే మా నాయనతోబాటు చెయ్యి పెట్టి పెరిగినదాన్ని. అట్లా పానాల పెట్టె నా దగ్గరికి వచ్చింది, మళ్లీ ఎవరికీ పోలేదు.

చేనిపనికి పోయే ఆడవాళ్ల మాదిరి చీర మీద ఆయన పాత చొక్కా తొడుక్కొని, బండి కిందికి దూరి గ్రీజు కొట్టేదాన్ని. డీజిల్ పైపులో గాలి పడితే స్క్రూ వదులు చేసి, నురగ పోయి వట్టి డీజిల్ వచ్చేదాకా చేతిపంపు కొట్టేదాన్ని. పెండ్లిపత్రికల్లో దళసరివి ఏరి దాచిపెట్టి, వాటితో ఇంజను అతుకుల మధ్య పెట్టే గ్యాస్కెట్లు కత్తిరించేదాన్ని. పత్రిక రాగానే మావాళ్లంతా ముహూర్తం చూసేవాళ్లు, నేను అట్ట మందం చూసేదాన్ని. మా అత్తకు నోరు పెద్దది. గోరింటాకు పెట్టుకున్న ప్రతిసారీ నా మసివేళ్ల మీద అది పండక వెలవెలబోతే, "మా కోడలి చేతికి గోరింటాకు యాడ పండుతాది, గ్రీజు పండుతాది గానీ" అని వచ్చినవాళ్లకంతా చూపించి నవ్వేది. నాకూ నవ్వొచ్చేది, లోపల కొంచెం కాలేది కూడా.

ఆ నోరు ఎట్లా మూతపడిందో చెప్తాను. మా చిన్న ఆడబిడ్డ పెండ్లి ఒంటిమిట్ట రామాలయంలో. అంతకుముందు ఆ పిల్లకు ఒక సంబంధం తాంబూలాలదాకా వచ్చి తప్పిపోయింది కాబట్టి, ఈసారి ముహూర్తం దాటిందంటే మగపెండ్లివాళ్లు అపశకునమని లేచిపోతారేమోనని ఇంటిల్లిపాదికీ భయం. మా ఆయన సామాన్లతో ముందురోజే పోయినాడు. జీపులో పెండ్లికూతురు, అత్త, మామ, నేను. తోలేది మా మరిది, వాడికి స్టీరింగు తిప్పడం తప్ప ఇంకేమీ తెలీదు. మైదుకూరు దాటినాక కంకర ఎగిరి తగిలిందేమో, బానెట్ సందుల్లోంచి ఒకటే పొగలు. దిగి చూస్తే రేడియేటరు అడుగున సన్నని చీలిక, నీళ్లన్నీ కారిపోయినాయి. కనుచూపు మేర ఎండిన చేన్లు, దూరంగా ఒక బోరింగు. మామ, మరిది ఇత్తడి బిందె తీసుకొని పరుగెత్తినారు. ఇంజను చల్లారినాక పోస్తే, పోసిన నీళ్లు పోసినట్టే నేలపాలు. పెండ్లికూతురు ఏడుపు అందుకుంది.

లారీలవాళ్లు ఇట్లాంటి చీలికకు పసుపు పోస్తారని, వేడినీళ్లలో అది ఉబ్బి సందు పూడుస్తుందని మా నాయన చెప్పగా విని ఉన్నాను. పసుపైతే ఉంది, తలంబ్రాలకని అత్త ఒడిలో పెట్టుకున్న డబ్బాలో. అడిగితే ఆమె డబ్బాను రొమ్ముకు అదుముకొని, "పెండ్లి పసుపు తీసి ఇంజన్లో పోస్తావా? ఏం మాట్లాడతాండావమ్మే! పిల్లకు ఇంతకన్నా కీడుంటాదా?" అని నా మీదికి లేచింది. నాకూ రేగింది. "పసుపు డబ్బాలో ఉండి, పిల్ల ఈడ రోడ్డు మీద ఉంటే పెండ్లి యాడ జరుగుతాదత్తా?" అన్నాను. ఆమెకు ఎదురు చెప్పడం అదే మొదలు. నా మొహం చూసింది, కూతురి మొహం చూసింది. మూత తీసి, రేడియేటరుకు ఇంత బొట్టు పెట్టి, డబ్బా నా చేతికిచ్చింది.

తలంబ్రాలకు పిడికెడు ఉంచి, మిగిలింది నీళ్లలో కలిపి పోసి ఇంజను నడిపించాను. కాసేపటికి ధార చినుకులైంది, చినుకులు ఆగి ఆగి పడే బొట్లయినాయి. బిందె నిండా నీళ్లు పెట్టుకొని, మెల్లగా తోలుకుంటూ, మధ్యమధ్య ఆగి చల్లార్చి పోసుకుంటూ ఒంటిమిట్ట చేరేసరికి, మేళగాళ్లు మా దారే చూస్తున్నారు, ముహూర్తం ఇంకా మిగిలే ఉంది. జీపు కింద పచ్చటి చుక్కలు పడుతుంటే వియ్యపురాలు వంగి చూసి, ఇదేమిటని అడిగింది. మా అత్త తడుముకోకుండా, "మా కోడలు బండికి గూడా నలుగు పెట్టింది వదినా! ఆయమ్మి చెయ్యి పడకుంటే ఈ పొద్దు మేం యాడుండేవాళ్లమో" అంది, పదిమందీ వినేటట్టు.

ఆనాటి తలంబ్రాలు పచ్చబడీ పడనట్టు తెల్లగానే ఉండినాయి. తన పసుపంతా జీపు తాగేసిందని మా ఆడబిడ్డ ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. కీడేమీ జరగలేదు, మనవళ్లను ఎత్తుకుంది. ఆ ఏడాది మొదలు ప్రతి ఆయుధపూజకూ మా అత్త జీపుకు బొట్టు పెట్టి, పానాలకు పెట్టి, ఆ వెంటనే నాకు పెట్టేది. మెడలో బంగారు సరం వేసినా నేనంత గర్వపడి ఉండను.

ఆ జీపు ఇప్పుడు మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది. వారం వారం నేనే స్టార్టు చేస్తాను, ఇప్పటికీ ఒక్క పిలుపుకే పలుకుతుంది. అయితే ఎక్కడికీ పోని బండికి రిపేరేముంటుంది? ఆ రోజుల్లో దారిలో బండి ఆగితే ఎక్కినవాళ్లమంతా దిగి దాని చుట్టూ చేరి తలా ఒక చెయ్యి వేసేవాళ్లం. ఇప్పుడు దీపం వెలిగితే ఫోను చేస్తారు, లారీ వస్తుంది, ఎవరికీ మసి అంటదు. పోయిన నెల మనవరాలు నా చేతులకు గోరింటాకు పెట్టింది. పొద్దున కడుక్కొని చూస్తే రెండు చేతులూ ఎర్రగా పండినాయి, గోళ్ల సందుల్లో కూడా. ఈ వయసులో ఎంత బాగా పండిందోనని అందరూ మురిసిపోయినారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. మా అత్త ఉండి ఈ చేతులు చూసి ఉంటే ఏమనేదో నాకు తెలుసు. బండికేమైందమ్మే, అని అడిగేది.